సంత మాట: మీ ప్రశ్నలు, ఒక పాత బేరగాడి జవాబులు

పోయిన సంచికలో నేను పశువుల దలాలిగా సంతలు తిరిగిన రోజుల గురించి ఒక పేజీ రాశాను. 1974లో మా పెదనాయన వెంట పెబ్బేరు సంతకు మొదటిసారి పోయిన సంగతి, 2016లో మోకాళ్ళు సహకరించక మానుకున్న సంగతి. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు కూడా చదివాను, ఈసారికి ఐదు తీసుకున్నా.

ప్రశ్న: తాతా, నేను నంద్యాలలో డిగ్రీ చదువుతున్నా. బేరగాళ్ళు చేతుల మీద తువ్వాల కప్పుకొని లోపల వేళ్ళు పట్టుకొని బేరం చేసేవాళ్ళని మా నాయన చెప్తుంటాడు. ధర అందరి ముందర చెప్పకుండా అట్లా దాచడం మోసం కాదా?

జవాబు: నాయనా, ముందు అది ఎట్లా ఉంటుందో చెప్తా. మా వైపు ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, ఐదు వేళ్ళూ కలిపి పట్టుకుంటే ఐదు. ఆరు చెప్పాలంటే ఐదూ పట్టి, వదిలి, మళ్ళీ ఒకటి పట్టాలి. ఆ ఒకటి అంటే వందనా, వెయ్యా, పదివేలా అనేది పశువును చూస్తేనే ఇద్దరికీ తెలుస్తుంది కాబట్టి దాని గురించి తగాదా రాదు. నోరు మాత్రం వానల గురించో, పెళ్ళి సంబంధం గురించో మాట్లాడుతుంటుంది, పని అంతా చేతుల్లోనే.

ఇంక దాచడం ఎందుకంటావా. సంతలో ఒక రైతు జత ఎద్దుల్ని పట్టుకొని నిలబడ్డాడు అనుకో, ఆయనకు కూతురి పెళ్ళో, ఆస్పత్రి ఖర్చో ఉంది, ఆ రోజు అమ్మక తప్పదు. ఆయన ఎంతకు దిగాడో నోటితో చెప్తే చుట్టూ ఉన్న ఇరవై మంది వింటారు, పక్కన నిలబడ్డ రైతు ఎద్దులకు కూడా అదే ధర అంటారు, ఊరికి పోయాక "ఫలానాయన ఇంత తక్కువకు ఇచ్చేశాడంట" అని ఆరు నెలలు మాట్లాడుకుంటారు. తువ్వాల ఆ మనిషి గౌరవాన్ని కాపాడేది. నేను దాన్ని అట్లానే చూశాను, ఇప్పుడు కూడా అదే అంటా.

అయితే నువ్వు అడిగిన మోసం లేదని చెప్పను, ఉండేది. కొనేవాడి చేతిలో ఒక అంకె, అమ్మేవాడి చేతిలో ఇంకో అంకె చెప్పి మధ్యలో మిగిలింది దలాలి జేబులో వేసుకోవడం, అది చేసినోళ్ళను నేను కళ్ళారా చూశాను. అందుకే మా పెదనాయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బేరం కుదిరేదాకా తువ్వాల. కుదిరిన తర్వాత తువ్వాల భుజం మీద వేసుకొని, ఇద్దరి చేతులూ కలిపి, ధర, తన దలాలి (కమీషన్) ఎంత అనేది, రెండూ ఇద్దరికీ వినపడేట్టు చెప్పేవాడు. ఆ తర్వాతే బయానా, అంటే అడ్వాన్సు. అట్లా చెప్పని దలాలి దగ్గర కొనొద్దని నాకు తెలిసిన ప్రతి రైతుకూ చెప్పాను.

ప్రశ్న: అంకుల్, మాది గుంటూరు జిల్లా, పదేళ్ళుగా టెక్సాస్‌లో ఉంటున్నాం. ఇక్కడ పశువుల ఆక్షన్‌కి ఒకసారి వెళ్ళాను. మధ్యలో ఒక రింగు, ఆవు లోపలికి రాగానే బరువు బోర్డు మీద పడుతుంది, ఒకాయన మైకులో గడగడా పాటలాగా చదువుతాడు, నిమిషం కూడా పట్టదు, అమ్ముడైపోతుంది. మన దగ్గర ఇట్లాంటి వేలం ఎప్పుడైనా ఉందా? మీరు పాడారా?

జవాబు: పాడాను తమ్ముడూ, నా వయసులో నాకు చాలా ఇష్టమైన పని అది.

మన సంతల్లో పశువును వేలం వేయరు, అక్కడ అంతా ఒకరికొకరు బేరమే. వేలం వేసేది రెండు మూడు చోట్ల. ఒకటి బందెలదొడ్డి. 1871లో ఇంగ్లీషు వాళ్ళు పెట్టిన చట్టం ఒకటుంది, పంట మేసిన పశువును బందెలదొడ్డిలో పెడితే, యజమాని వచ్చి జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోకపోతే దాన్ని వేలం వేయొచ్చు. రెండోది సంత వేలం, అంటే పశువుల్ని కాదు, సంతలో ఆశీలు (సంత పన్ను) వసూలు చేసుకునే హక్కును ఏడాదికి వేలం వేస్తారు. మూడోది ప్రభుత్వ పశువుల ఫారాల్లో మిగులు పశువుల వేలం. నేను పాడింది ఈ మూడోదాంట్లో. నా గొంతు పెద్దది, మైకు లేకపోయినా దొడ్డి చివరిదాకా వినపడేది, అందుకని ఒక ఫారం వాళ్ళు ఏటా పిలిచేవాళ్ళు, పన్నెండేళ్ళు పోయాను.

అక్కడ పద్ధతి ఏంటంటే పాటలో పాల్గొనేవాళ్ళు ముందు ధరావతు (డిపాజిట్) కట్టాలి. ప్రతి పశువుకూ ఆఫీసర్లు ఒక ధర రాసుకొని ఉంటారు, సర్కారువారి పాట అని దాంతోనే మొదలు, అంతకన్నా తక్కువకు పోనియ్యరు. నేను పశువు నంబరు, పళ్ళు, ఎన్నో ఈత (కాన్పు), ఏదైనా ఐబు (లోపం) ఉంటే అది, అన్నీ చదవాలి. తర్వాత పాట. "పదకొండు వందలు, పదకొండు వందలు, ఆ మూల పెద్దాయన పన్నెండొందలు, పన్నెండొందలు ఒకటోసారి..." ఇట్లా. టెక్సాస్ ఆయన అంత గడగడా చదవడం మన దగ్గర పనికిరాదు తమ్ముడూ. అక్కడ కొనేవాళ్ళు పదులు, వందల లెక్కన కొంటారు, బరువును బట్టి ధర. ఇక్కడ ఒక రైతు ఒక్క ఆవు కోసం రెండు బస్సులు మారి వస్తాడు, జేబులో చీటీ డబ్బులు, ఆయన పక్కన కొడుకు చెవిలో ఏదో చెప్తుంటాడు, ఆయన ఆలోచించుకోవడానికి సమయం ఇవ్వాలి కదా. నేను రెండోసారికీ మూడోసారికీ మధ్య చాలాసేపు ఆగేవాణ్ణి. ఆఫీసర్లు గడియారం చూపించేవాళ్ళు, అయినా ఆగేవాణ్ణి. ఆ ఆగడంలోనే ఎన్నిసార్లు ఇంకో వంద పెరిగిందో, ఎన్నిసార్లు అప్పుచేసి కొనబోయే మనిషి తల అడ్డంగా ఊపి వెనక్కి తగ్గాడో. ఆ రెండూ మంచివే అనుకుంటా.

మీది గుంటూరు జిల్లా అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. లాం ఫారంలో ఒంగోలు గిత్తల్ని చూసే ఉంటారు. అదే జాతి బ్రెజిల్‌లో నేలోర్ అనే పేరుతో లక్షల్లో కాదు, కోట్లలో ఉంది. నెల్లూరు పేరే అట్లా మారింది, ఎందుకంటే అప్పట్లో ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. 1960ల మొదట్లో ఒంగోలు పక్కన కరవది ఊరి గిత్త ఒకటి అక్కడికి పోయింది, దాన్ని ఊరి పేరుతోనే పిలిచారు, ఇప్పటికీ అక్కడి వంశాల లెక్కల్లో ఆ పేరు కనపడుతుంది. ఆ జాతి ఆవు ఒకటి, వయాటినా-19 అని, 2023లో దాంట్లో మూడో వంతు వాటా వేలంలో పోతే, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఆ వీడియో మా మనవడు ఫోన్‌లో చూపించాడు. తెల్లగా, మూపురంతో, గంగడోలు వేలాడుతూ, నిలబడిన తీరు చూస్తే మన ఊరి చెరువు గట్టు మీద నిలబడ్డట్టే ఉంది. నాకు సంతోషమూ వేసింది, గొంతు పట్టేసింది కూడా. ఆ జాతిని కాపాడుకుంటున్నది మన దగ్గర కొద్దిమంది రైతులు, ఒకటి రెండు ఫారాలు, బండలాగుడు పోటీలకు పెంచేవాళ్ళు, అంతే కదా.

ప్రశ్న: మీరు సుడులు నమ్ముతారా? ఫలానా సుడి ఉంటే ఇంటికి అరిష్టం అంటారు. (అనంతపురం నుంచి)

జవాబు: నమ్మను. సుడి అంటే వెంట్రుకలు తిరిగిన తీరు, దానికీ పశువు బలానికీ సంబంధం నేను ఒక్కనాడూ చూడలేదు. కానీ సంతలో సుడికి ధర ఉంది, రాజసుడి అంటే పెరుగుతుంది, వద్దనే సుడి ఉంటే తగ్గుతుంది. అందుకే సొంతానికి కొనుక్కునే రైతుకు నేను చెప్పేది, సుడి బాగాలేదని ధర తగ్గిన మంచి ఎద్దు దొరికితే కొనుక్కో, నీ పొలం దున్నేది దాని కాళ్ళు, మెడ. రేపు మళ్ళీ అమ్మేటప్పుడు నీకు కూడా తక్కువే వస్తుంది, అది ముందే లెక్క వేసుకో.

ప్రశ్న: అయ్యా, ఇన్నేళ్ళ బేరాల్లో మీరు ఇప్పటికీ బాధపడే బేరం ఏదైనా ఉందా? కురుమూర్తి జాతరలో పశువుల సంగతి కూడా చెప్పండి. (వనపర్తి నుంచి ఒక రిటైర్డ్ టీచర్)

జవాబు: ఉంది మాస్టారూ. రెండున్నాయి.

మొదటిది 1976, నాకు పని వచ్చిందని అనుకుంటున్న వయసు. ఏరువాక పున్నమి ముందర. ఆ మూడు వారాలే ఎద్దుల ధర ఎక్కువ ఉండేది, వాన పడితే అరక కట్టాలి కాబట్టి. ఒకాయన జత తెచ్చాడు, చూడ్డానికి దీపాల్లా ఉన్నాయి. నాలుగు పళ్ళ మీద ఉన్నాయి, అంటే దాదాపు మూడేళ్ళ వయసు. అందులో దాపట ఎద్దుకు, అంటే కాడికి ఎడమవైపు కట్టేదానికి, ఒక ఐబు ఉంది, ఎండ ముదిరితే కాడి కింద పడుకుంటుంది, ఎంత కొట్టినా లేవదు. ఈ సంగతి నాకు తెలుసు, ఆ ఊరివాళ్ళే చెప్పారు. అమ్మేటాయన నా చేతిలో మామూలు దలాలికి రెండింతలు పెట్టి "నువ్వేం చెప్పొద్దు, అడిగితే తెలీదను" అన్నాడు. కొన్నాయన కౌలు రైతు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బండికి కట్టి, చక్రాలు కట్టేసి లాగించి చూశాడు, బ్రహ్మాండంగా లాగాయి. 2,200కు బేరం కుదిరింది. ఆయన నన్ను సూటిగా అడిగాడు, "తమ్ముడూ, ఏమైనా ఐబు ఉందా" అని. నేను లేదన్నాను.

పద్దెనిమిది రోజులకు ఆయన మా ఇంటికి వచ్చాడు. ఎద్దును వాకిట్లో వేపచెట్టుకు కట్టేసి, నీళ్ళు అడిగి తాగి, "ఇది నీకు తెలుసా" అన్నాడు. తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. వాన పడి నేల పదునులో ఉన్న నాలుగు రోజులూ ఈ ఎద్దు పడుకుంది, ఊళ్ళో ఎవరి ఎద్దులూ ఖాళీ లేవు, విత్తనం ఆలస్యమైంది, అంతే చెప్పాడు. నేను తెలుసు అన్నాను. ఆయన అరుగు మీద కూర్చున్నాడు, ఇంకేం మాట్లాడలేదు, నాకు ఆ మౌనం ఇప్పటికీ వినపడుతుంది.

పెదనాయన లోపలినుంచి అంతా విన్నాడు. బయటికొచ్చి ఆ పడుకునే ఎద్దును మా కొట్టంలోకి తోలించి, మా సొంత ఎద్దుల్లో దాపట కట్టేదాన్ని విప్పి నా చేతికిచ్చాడు, "ఈయన ఊరిదాకా నడిపించుకొని పోయి, రేపు పొద్దున ఈయన పొలంలో నువ్వే దున్ని రా" అన్నాడు. పోయాను. రాత్రంతా నడిచాం, తెల్లవారి దున్నాను, ఆయన భార్య నాకు జొన్నరొట్టె పెట్టింది, ఆ రొట్టె గొంతు దిగలేదు. ఆ ఏడు మేము ఒకరి ఎద్దును బదులడుక్కొని సేద్యం చేశాం. ఆ తర్వాత నలభై ఏళ్ళు నేను ఏ బేరం చేసినా ముందు ఐబు చెప్పి తర్వాతే ధర మాట్లాడాను, అమ్మేవాడికి కోపం వచ్చినా సరే. కొంతమంది నా దగ్గరికి రావడం మానేశారు. వచ్చినవాళ్ళు మాత్రం వాళ్ళ కొడుకుల్ని కూడా నా దగ్గరికే పంపించారు.

రెండోది ఒక బేరం కాదు, ఒక ఏడాది. 2002 కరువు. ఆ ఏడు మా వైపు సంత ఎట్లా ఉండిందో చెప్పాలంటే, ఎక్కడ చూసినా ఎద్దులే, కొనేవాడు లేడు. పొద్దున చెప్పిన ధర మధ్యాహ్నానికి సగం, సాయంత్రానికి అడిగేవాడే లేడు. ఇంటికి తోలుకొని పొమ్మని చెప్పడానికి నోరు రాదు, ఇంటిదగ్గర గడ్డి లేదు, వరిగడ్డి బండి ధర ఎద్దు ధరకు దగ్గరికి వచ్చేసింది. ఎనిమిదేళ్ళు దున్నిన జత పక్కటెముకలు కనపడుతూ నిలబడితే, వాటి మీద చెయ్యి వేసుకొని రైతులు నిలబడి ఉన్నారు, బేరం ఆడ్డానికి కూడా కాదు, ఊరికే. ఆ ఏడు నేను చాలామంది దగ్గర దలాలి తీసుకోలేదు, తీసుకోకపోవడం పెద్ద గొప్పేం కాదు, తీసుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ఆ కరువులో పోయిన ఎద్దులు మా ఊళ్ళో మళ్ళీ కొట్టాల్లోకి రాలేదు, వానలు వచ్చాక ట్రాక్టర్లు వచ్చాయి. అరవై కాడి ఎద్దులుండిన ఊళ్ళో నేను మానుకునేనాటికి నాలుగు కాడ్లు మిగిలాయి, కాడి అంటే జత, అంటే ఎనిమిదే ఎద్దులు మాస్టారూ.

కురుమూర్తి జాతర సంగతి కూడా అడిగారు కదా. దీపావళి తర్వాత కార్తీకంలో ఆ కొండ కింద నల్లమల నుంచి పొడ తూర్పు ఎద్దులు దిగేవి, ఒంటి మీద మచ్చలతో, గట్టి గిట్టలతో, గుట్టల్లో మేసి పెరిగినవి కాబట్టి తక్కువ మేతకు ఎక్కువ పని చేసేవి. అమ్రాబాద్ వైపు వాటిని మేపే లంబాడీ కుటుంబాలు నాకు బాగా తెలుసు. వాళ్ళు తమ పశువు గురించి ఒక్క అబద్ధం చెప్పడం నేను చూడలేదు. ఆ పొడ తూర్పు పశువుల జాతికి ఈమధ్య ప్రభుత్వ గుర్తింపు కూడా వచ్చింది, నిజంగా చాలా సంతోషం. అది ఇరవై ఏళ్ళ ముందే రావాల్సింది.

ప్రశ్న: అన్నా, నేనూ మా కోడలూ డ్వాక్రా లోను మీద ఒక పాలబర్రె కొనాలనుకుంటున్నాం. ఇంట్లో మగవాళ్ళు పనికి వేరే ఊళ్ళో ఉంటారు. సంతకు ఎప్పుడూ పోలేదు, మోసపోతామని భయంగా ఉంది. ఏం చూసుకోవాలో చెప్పండి. (కర్నూలు జిల్లా నుంచి ఒక అక్కయ్య)

జవాబు: అమ్మా, భయపడొద్దు, మీరిద్దరూ ఇంట్లో పాలు పిండినవాళ్ళే కదా, సగం మీకు తెలుసు.

వీలైతే సంతలో కాకుండా, అమ్మేవాళ్ళ ఇంటిదగ్గరే కొనండి. సాయంత్రం పోయి, ముందు పొదుగు ఖాళీ అయ్యేదాకా మీ ముందరే పిండించండి, ఆ రాత్రి ఆ ఊళ్ళోనే ఎవరింట్లోనైనా ఉండి, తెల్లవారి మీ కోడలే కూర్చొని పిండాలి. ఎందుకంటే సంతకు తెచ్చేముందు రెండు పూటలు పాలు తియ్యకుండా ఉంచితే పొదుగు కుండలాగా నిండి కనపడుతుంది, పది లీటర్లు అని చెప్తారు, ఇంటికొచ్చాక ఐదు. కొంతమంది ఇంజెక్షన్ వేసి పాలు దింపుతారు, అది పశువుకూ మంచిది కాదు. దూడను వదిలితే చేపుతుందా (పాలు దింపుతుందా), దూడ లేకపోతే చేపదా, అది చూడండి. ఆ దూడ దాని దూడేనా అనేది కూడా చూడండి, ఈనిందని నమ్మించడానికి వేరే దూడను వెంట కట్టి తెచ్చినోళ్ళున్నారు. సొంత దూడైతే బర్రె వాసన చూసి నాకుతుంది, కాకపోతే తల తిప్పుకుంటుంది.

నాలుగు చన్నుల నుంచీ విడివిడిగా నాలుగు ధారలు మీ అరచేతిలో పిండుకొని చూడండి. ముక్కలు ముక్కలుగా, నీళ్ళలాగా, ఎర్రగా వస్తే పొదుగువాపు, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. పిండిన తర్వాత పొదుగు ఖాళీ సంచిలాగా మెత్తగా ముడుచుకోవాలి, గట్టిగా అట్లానే ఉంటే అది పాలు కాదు, మాంసం. నోరు తెరిపించి కింది పళ్ళు చూడండి, పశువులకు ముందు పళ్ళు కింది దవడకే ఉంటాయి, ఎనిమిది. అరిగి చిన్నవైపోయి ఉంటే ముసలిది. కొమ్ములు కొత్తగా నునుపుగా నూనె రాసి మెరుస్తుంటే ఎందుకు రాశారా అని ఆలోచించండి, ఈతల లెక్క చెప్పే గీతలు అరగదీసి ఉంటారు. రెండో ఈతదో, మూడో ఈతదో అయితే మీకు మంచిది. మొదటి ఈతది చవకగా వస్తుంది గానీ, తన్నుతుందో లేదో, ఎన్ని పాలిస్తుందో తెలీదు. చూడిది (కడుపుతో ఉంది) అని చెప్తే వాళ్ళ మాట మీద కాదు, మీ మండలం పశువుల డాక్టరును పిలిపించి చెయ్యి పెట్టి చూపించండి. గాలికుంటు టీకా, గొంతువాపు టీకా ఎప్పుడు వేశారో అడగండి. లోను పశువు కాబట్టి ఇన్సూరెన్సు పోగు చెవికి వేస్తారు, అది వేసేదాకా అక్కడే ఉండండి.

సంతకే పోవాల్సి వస్తే తెల్లవారేసరికి అక్కడ ఉండండి. మొదటి గంట ఏం కొనొద్దు, ఊరికే తిరిగి ధరలు వినండి. డబ్బు అంతా ఒకరి దగ్గరే పెట్టుకోవద్దు. దలాలి వస్తే ఆయన దలాలి ఎంతో ముందే అడగండి. "ఐబు ఏముంది" అని అమ్మేవాళ్ళను మీ నోటితో, ఇద్దరు మనుషుల ముందర అడగండి, అట్లా అడిగినప్పుడు అబద్ధం చెప్పడం చాలామందికి కష్టం. సంత రసీదు మీద పశువు గుర్తులన్నీ రాయించుకోండి.

ఇంకొకటమ్మా, కొత్త పలుపు, అంటే మెడకు కట్టే తాడు, మీరే కొనుక్కొని తీసుకుపోండి. మన వైపు అమ్మినవాళ్ళు పశువును ఇస్తారు గానీ దాని పలుపు ఇవ్వరు, విప్పి ఇంటికి తీసుకుపోతారు. చాలామంది కొత్తవాళ్ళు ఈ సంగతి తెలీక, డబ్బు కట్టేశాక బర్రెను చేత్తో పట్టుకొని నిలబడిపోతారు. మంచి కొబ్బరినార పలుపు, కొంచెం పొడుగుగా.